బీన్స్ మాడిపోయి పాలకూర మాత్రం బాగుందా? ముందు కుళాయి మూతి చూడండి

బెంగళూరులో అపార్ట్‌మెంట్ వెనకాల ఖాళీ జాగాలో నలుగురూ కలిసి మడులు కట్టుకుని కూరగాయలు పండించేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళు నన్ను పిలిచేది ఎక్కువగా ఒక్కదానికే. "అక్కా, మొక్కలు ఎదగట్లేదు, ఆకుల అంచులు మాడిపోతున్నాయి, ఏం కొట్టాలి?" నేను వెళ్ళేసరికి వేపనూనె, పంచగవ్య, జీవామృతం, పుల్ల మజ్జిగ అన్నీ కొట్టేసి ఉంటారు. ఆ మడికి పోసే నీళ్ళు ఏ పైపులోంచి వస్తున్నాయో మాత్రం ఎవరూ అడిగి ఉండరు.

ముందు తేలిగ్గా తేలిపోయేవి చూద్దాం.

మొక్క సన్నగా పొడుగ్గా సాగుతోంది, పూత లేదు

ఎండ చాలట్లేదు. కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. జూన్‌లో బాగా కాసిన మడి డిసెంబరులో మొండికేసిందంటే, సూర్యుడు దక్షిణానికి జరిగి మీ బ్లాకు నీడ మడి మీద పడుతోందని అర్థం. నీడ పడే ఆ నెలల్లో అక్కడ ఆకుకూరలు వేసుకోండి.

మధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి తేరుకుంటోంది

ఒక మొక్కను పీకి వేరు చూడండి. ఒక్క మొక్క పోతే పోనివ్వండి. వేళ్ళ మీద ఉబ్బిన కణుపుల్లా ఉంటే అవి నులిపురుగులు. (బీన్స్ వేళ్ళకు ఉండే బుడిపెలు గోటితో గీకితే ఊడి వస్తాయి. అవి మంచివే, కంగారు పడకండి.) ఆ మడిలో టమాటా, వంగ, బెండ కొన్నాళ్ళు ఆపండి. వేపపిండి కలిపి, మడి నిండా బంతి వేయండి. ఏప్రిల్‌లో మడి ఖాళీగా ఉంటే తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ఐదారు వారాలు కప్పి ఉంచండి.

బెండ ఆకుల ఈనెలు పసుపు రంగుకు తిరిగాయి

వైరస్. పీకి పారేయండి. ఈసారి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క అనామిక రకం వేయండి.

ఆకుల అంచులు మాడుతున్నాయి, విత్తనాలు సరిగా మొలవట్లేదు, మట్టి గట్టిపడుతోంది

ఇక్కడ కాసేపు ఆగండి. నేను రెండు సీజన్లు పోగొట్టుకున్నది దీని దగ్గరే.

మొదటిసారి తప్పు విత్తనానిదే అనుకున్నాను. రెండోసారి ఎరువును అనుమానించి, ఉన్నదంతా తీసేసి వర్మీకంపోస్ట్ కొని వేశాను. బీన్స్ మొలిచి రెండాకులు వేసేవి. పది రోజులకల్లా ఆ ఆకుల అంచులు పెనం మీద మాడిన దోసె అంచులా గోధుమరంగుకు తిరిగేవి. నీళ్ళు పోస్తే ఇంకకుండా అరగంట నిలిచిపోయేవి. తడిగా ఉన్నప్పుడు మట్టి చేతికి సబ్బులా జారేది, ఎండితే పెంకులా పగిలేది. పక్కనే పాలకూర మాత్రం నవనవలాడుతూ ఉండేది! పాలకూర బాగుంది కాబట్టి మట్టిలో లోపం లేదనుకున్నాను. నేను పప్పులో కాలేసింది అక్కడే. మన పాలకూర బీట్‌రూట్ జాతిది. ఉప్పును బాగా ఓర్చుకుంటుంది. బీన్స్ అస్సలు ఓర్చుకోదు. ఒకే మడిలో ఒకటి చచ్చి ఇంకొకటి బతికిందంటే అదే సగం జవాబు.

మిగతా సగం మా ప్లంబర్ దగ్గర దొరికింది. ఒక పొద్దున ఉప్పు బస్తా భుజాన వేసుకుని నా మడి పక్క నుంచి వెళ్తున్నాడు.

"ఇంత ఉప్పు ఎందుకన్నా?"

"సాఫ్ట్‌నర్‌కి మేడమ్. బోరు నీళ్ళు కదా."

"మరి ఈ తోట కుళాయి?"

గోడ వెంబడి పైపును వేలితో చూపిస్తూ వెళ్ళి, సాఫ్ట్‌నర్ గది తలుపు దగ్గర ఆగాడు. "ఇదీ ఇందులోంచే మేడమ్."

సాఫ్ట్‌నర్ చేసే పనల్లా నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లాగేసి వాటి బదులు సోడియం వదలడం. బట్టలకు, గీజర్‌కు అది మంచిదే. మట్టికి మాత్రం విషం. బంకమట్టి రేణువులను పట్టి ఉంచేది కాల్షియం. దాని చోట్లోకి సోడియం చేరితే రేణువులు విడిపోయి, సందులు మూసుకుపోతాయి. అందుకే నీళ్ళు ఇంకవు, వేళ్ళకు గాలి ఆడదు.

చాలామంది టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ పెట్టి చూసి "బోరుకీ దీనికీ తేడా లేదు" అని వదిలేస్తారు. తేడా ఉండదు. సాఫ్ట్‌నర్‌కు ముందు, తర్వాత ఆ అంకె దాదాపు ఒకటే చూపిస్తుంది, ఎందుకంటే ఒక లవణం పోయి ఇంకోటి వస్తోంది. మీటర్ మొత్తాన్ని కొలుస్తుందే కానీ అందులో ఏముందో చెప్పదు.

దానికన్నా కుళాయి నయం. బెంగళూరు బోరు నీళ్ళు నేరుగా వచ్చే కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొర పేరుకుని ఉంటుంది. మీ బిల్డింగ్ బోరు మీదే నడుస్తూ, తోట కుళాయి ఏళ్ళ తరబడి వాడినా మూతి శుభ్రంగా ఉందంటే అనుమానించండి. తర్వాత సబ్బు రుద్ది చూడండి. నురగ బాగా వచ్చి, టీడీఎస్ కూడా ఏ 700, 800 ఉంటే అవి సాఫ్ట్‌నర్ నీళ్ళే. జలమండలి ఇచ్చే కావేరి నీళ్ళకూ నురగ వస్తుంది, కానీ వాటి టీడీఎస్ చాలా తక్కువ.

మట్టి కూడా చెబుతుంది. ఎండిన మట్టిగడ్డ ఒకటి, గోళీ అంత, గాజు గ్లాసులో వాననీళ్ళు పోసి మెల్లగా దింపండి. కలపొద్దు, కదపొద్దు. రెండు గంటల తర్వాత గడ్డ చుట్టూ పాలు ఒలికినట్టు మబ్బు కమ్మితే సోడియం ఎక్కింది. గడ్డ విరిగిపోయినా నీళ్ళు తేటగానే ఉంటే, మట్టిలో సేంద్రియ పదార్థం తక్కువ, అంతే.

ఏం చేయాలంటే, ముందు కుళాయి లైను మార్పించండి. సాఫ్ట్‌నర్‌కు ముందే పైపు చీల్చి ఒక వాల్వ్ పెడితే ప్లంబర్‌కు ఒక పూట పని. నురగ సరిగా రాని గట్టి బోరు నీళ్ళంటే భయపడకండి, అందులో ఉన్నది కాల్షియమే. టీడీఎస్ 800 లోపు ఉన్న బోరు నీళ్ళతో నేను బీన్స్ తీశాను, కాపు కాస్త తగ్గినా. 1,500 దాటితే మాత్రం అవి కూడా వద్దు.

లైను మారాకే జిప్సం. ముందు వేస్తే డబ్బు దండగ. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు మడికి రెండు కిలోలు చల్లి, పై మట్టిలో కలిపి, సాఫ్ట్‌నర్ తగలని నీళ్ళు బాగా పారించండి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని నెట్టేస్తుంది, దాన్ని కిందకు కడిగేయాల్సింది నీళ్ళే. అందుకే వానలకు ముందు వేస్తే మేలు, మన సెప్టెంబరు వానలు ఆ పని చేసిపెడతాయి. మడి స్లాబు మీద ఉంటే నీళ్ళు బయటికి పోయే రంధ్రం మూసుకుపోలేదని చూసుకోండి. సున్నం మాత్రం వేయకండి.

సాఫ్ట్‌నర్ లైను మార్చాం కదా, ఎస్టీపీలో (బిల్డింగ్ మురుగునీళ్ళను శుద్ధి చేసే చోటు) శుద్ధి చేసిన నీళ్ళు వాడదాం అంటారు కొందరు. 2024 మార్చిలో తాగునీళ్ళు తోటకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి చెప్పాక చాలా చోట్ల ఇదే జరిగింది. కానీ సాఫ్ట్‌నర్ కడిగిన ఉప్పునీళ్ళు పోయేది ఆ డ్రైనేజీలోకే. ఎస్టీపీ మురికిని తీస్తుంది కానీ కరిగిన ఉప్పును తీయదు. పూలమొక్కలకు, లాన్‌కు సరే. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి మీద మాత్రం చల్లకండి, ఉప్పు సంగతి పక్కన పెట్టినా. ఉప్పు విషయంలో ఆర్వో వదిలేసిన నీళ్ళదీ ఇదే కథ. ఏసీ నీళ్ళు పోసుకోవచ్చు.

నమ్మకం కుదరకపోతే రెండు పేపర్ కప్పుల్లో ఒకే మట్టి నింపి, తలా ఐదు బీన్స్ గింజలు వేయండి. ఒకదానికి తోట కుళాయి నీళ్ళు, ఇంకోదానికి తాగే క్యాన్ నీళ్ళు పోయండి. రెండు వారాల తర్వాత ఆ రెండు కప్పులూ తీసుకెళ్ళి అసోసియేషన్ మీటింగులో టేబుల్ మీద పెట్టండి. నేను వాల్వ్ సాధించింది అలాగే.

బోరాన్ లోపం, జింక్ లోపం, పక్కింటి యూకలిప్టస్... ఇవన్నీ ఉండొచ్చు, కానీ నాకు తగిలింది చాలా అరుదు. పైవన్నీ చూసినా తేలకపోతే అరకిలో మట్టి జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) పరీక్షకు ఇవ్వండి. రిపోర్టులో మొదట ఈసీ (మట్టిలో కరిగిన ఉప్పు ఎంతో చెప్పేది) అంకె చూడండి. మట్టిని ముద్దగా తడిపి పిండిన నీటిలో కొలిచిన ఈసీ 1 (డీఎస్/మీ) దాటిందంటే బీన్స్ కాపు తగ్గడం మొదలైనట్టే. టమాటా 2.5 దాకా ఓర్చుకుంటుంది.

కొత్తగా చేరేవాళ్ళకు ఒక మాట. తోటలో ఒక్క మడే ఖాళీగా ఉంది, తీసుకోండి అంటే, డబ్బు కట్టేముందు అంతకు ముందు అందులో ఎవరు ఏం వేశారో, ఎందుకు మానేశారో అడగండి. నాకు ఇచ్చింది అలాంటి మడే.