వానలు పడకముందే బొప్పాయి మొదలు చూసుకోండి

ఎండాకాలమంతా నీళ్ళు మోసి బతికించుకున్న బొప్పాయి చెట్టు జూలైలో ఒక్క ముసురుకే తల వాల్చేస్తుంది. ఆకులు పసుపు రంగుకు తిరిగి వేలాడుతుంటే, నీళ్ళు చాలలేదేమోనని ఇంకో బకెట్ పోసేవాళ్ళున్నారు. దాంతో దాని పని అయిపోతుంది. పెరటి బొప్పాయి ఎండకు చావడం తక్కువ, నిలిచిన నీటికి చావడమే ఎక్కువ. రెండు మూడు రోజులు పాదులో నీళ్ళు కదలకుండా ఉంటే వేళ్ళకు గాలి ఆడక కుళ్ళిపోతాయి. ఆ తర్వాత ఏ మందు పోసినా లాభం లేదు. కాబట్టి చేయాల్సిందంతా రోహిణి కార్తెలోనే, మృగశిర చినుకులు పడకముందే చేసుకోవాలి.

ముందు పాదు సంగతి. వేసవిలో నీళ్ళు నిలవడానికి పల్లంగా తవ్విన పాదే వానల్లో చెట్టుకు గొయ్యి అవుతుంది. దాన్ని మట్టితో పూడ్చి, మొదలు దగ్గర ఎత్తుగా, బయటికి వాలుగా ఉండేలా సర్దండి. అయితే కాండం మీదికి మట్టి ఎగదోయకండి. మొదటి నుంచీ మట్టి ఎంతవరకు ఉందో అంతవరకే ఉండాలి, దానిపైన కప్పితే తడి పట్టి అక్కడే కుళ్ళు మొదలవుతుంది. ఆకులు, గడ్డి కప్పినవాళ్ళు మొదలు నుంచి జానెడు దూరం జరపండి. పచ్చి పేడ అయితే అసలు దగ్గరికే వద్దు. తర్వాత చిన్న కాలువ తీసి నీళ్ళు ఎటు పోవాలో దారి చూపించండి. డాబా మీది నీళ్ళు దిగే పైపు ఎక్కడ పడుతోందో కూడా చూడండి, చాలా ఇళ్ళలో అది సరిగ్గా బొప్పాయి పాదులోకే ఉంటుంది.

నీళ్ళు త్వరగా ఇంకే తెలంగాణ ఎర్ర చెల్క నేలల్లో ఈ బాధ కొంత తక్కువ. కృష్ణా, గుంటూరు వైపు నల్లరేగడి పెరళ్ళలో ఉన్నవాళ్ళే భయపడాలి. అనుమానముంటే అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపి చూడండి. మర్నాటికీ ఇంకకపోతే ఆ చోట నేల మట్టాన మొక్క నాటొద్దు, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దానిమీద నాటండి. నన్నడిగితే రేగడి వాళ్ళు పెద్ద వానలు వెళ్ళాక నాటుకోవడమే మేలు.

మొదలు కుళ్ళు తెగులు కంటపడే చోటు ఒక్కటే, మట్టి కాండాన్ని తాకే దగ్గర. అక్కడ నీరు పట్టినట్టు మచ్చ కనిపించి, గోధుమ రంగుకు, ఆపైన నల్లగా మారుతుంది. గోటితో నొక్కితే మెత్తగా దిగిపోతుంది. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదలు చుట్టూ నేల తడిసేలా పోయాలి. తెగులు రాకముందైతే ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రపు పొడిని వేప పిండి, బాగా మాగిన పశువుల ఎరువుతో కలిపి వేసుకోవడం మంచిది. ఈ రెండూ ఒకేసారి వద్దు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కదా, రాగి మందు దాన్నీ దెబ్బతీస్తుంది.

ఇక గాలి. బొప్పాయి కాండం లోపల గుల్ల, వేళ్ళు పైపైనే ఉంటాయి, బరువంతా తలలో ఉంటుంది. కోస్తా వాళ్ళకు జూన్ ఈదురుగాలి ఒక్కటే కాదు, అక్టోబరు నుంచి తుఫాన్ల కాలం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో పెద్ద పెద్ద చెట్లే నేలకొరిగాయి, బొప్పాయి ఎంత! గాలి హెచ్చరిక రాగానే పసుపు చార పడిన కాయలన్నీ కోసేయండి. రెండు వైపులా వెదురు గడలు పాతి, పాత నూలు చీర పీలికతో వదులుగా కట్టండి. ప్లాస్టిక్ తాడు లేత కాండాన్ని కోసేస్తుంది. కాయల కోసం చెట్టుకు నిచ్చెన ఆనించకండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి.

వానాకాలమంటే డెంగీ, డెంగీ అంటే బొప్పాయి ఆకుల కోసం గేటు దగ్గర ఇరుగుపొరుగు. ఆకు రసం సంగతి ఎలా ఉన్నా, ప్లేట్‌లెట్లు పడిపోతున్న మనిషిని ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమనండి. మందు కొట్టిన చెట్టు ఆకు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. అడిగినవాళ్ళందరికీ కోసిస్తూ పోతే తల బోడి అయి కాయలు ఊరవు. ఇంకో మాట, తొట్టి కింద పెట్టిన పళ్ళెంలో నిలిచిన నీళ్ళే డెంగీ దోమకు పుట్టిల్లు. వాటిని పారబోయండి.

తొలకరికి బీర, దోస, గుమ్మడి పాదులు పెట్టేవాళ్ళు వాటిని బొప్పాయికి దూరంగా పెట్టండి. ఆకులు ముడుచుకుని దారాల్లా సన్నబడి, కాయల మీద ఉంగరాల్లాంటి మచ్చలు తెచ్చే వైరస్ ఈ తీగజాతి మొక్కల్లోనూ బతుకుతుంది, పేనుబంక దాన్ని అటూ ఇటూ మోస్తుంది. సోకిన చెట్టుకు మందు లేదు. పక్కనున్న చెట్ల కోసమైనా పీకేయాల్సిందే.

తెల్లటి పిండినల్లికి మాత్రం కంగారు పడొద్దు, గట్టి వానకు చాలా వరకు అదే కొట్టుకుపోతుంది. 2008లో కోయంబత్తూరులో బయటపడి దక్షిణాదిలో బొప్పాయి తోటల్ని అల్లాడించిన పురుగు ఇది. 2010లో ప్యూర్టోరికో నుంచి చిన్న పరాన్నజీవి కందిరీగల్ని తెప్పించి వదిలాక అదుపులోకి వచ్చింది. ఘాటైన పురుగుమందు కొడితే ఆ కందిరీగలే ముందు చస్తాయి. పైపు నీళ్ళతో కడిగి, మిగిలినవాటికి సబ్బు నీళ్ళు కొడితే చాలు.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా గాలికి తల విరిగిందనుకోండి, చెట్టును నరికేయకండి. విరిగిన చోట నునుపుగా కోసి, గుల్లలోకి వాన నీళ్ళు దిగకుండా పాత కుండో ప్లాస్టిక్ కవరో బోర్లించి కట్టండి. వేళ్ళు బాగుంటే పక్కల నుంచి కొత్త కొమ్మలు వస్తాయి.