లెక్కల పరీక్షలో జవాబు చెప్పకుండా పిల్లలకు సాయం చేయడం ఎలా?

పిల్లల దగ్గరికి వెళ్లే ముందే ఒకటి తేల్చుకోవాలి: ఈ ప్రశ్నతో మనం చూడాలనుకున్నది ఏమిటి? అది తప్ప మిగతా దేనికైనా సాయం చేయొచ్చు.

మూడో తరగతి లెక్క ఒకటి తీసుకుందాం. "ఒక రైతు 52 బత్తాయిలు కోశాడు. 27 అమ్మాడు. ఇంకా ఎన్ని ఉన్నాయి?" ఇక్కడ చూడాల్సింది తీసివేత అని తడుతుందా, పదిని విడదీయడం వచ్చా అని. తెలుగు చదవడం కాదు. దేవరకొండ తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు, నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం మాట్లాడే పిల్లలు చాలాసార్లు వాక్యం దగ్గరే ఆగిపోతారు. వాళ్లకు లెక్కను రెండుసార్లు నిదానంగా చదివి వినిపించండి. ఏ మాటనూ ఒత్తి పలకొద్దు. 'అమ్మాడు' అంటే తెలియకపోతే ఇంటి భాషలో ఆ మాట చెప్పండి. "అమ్మితే తగ్గుతాయి కదా" అన్నారంటే మాత్రం సగం లెక్క మీరే చేసినట్టు.

"టీచర్, ఇది కలపాలా, తీసెయ్యాలా?" అని తప్పకుండా అడుగుతారు. "లెక్కలో ఏం జరిగిందో నాకు చెప్పు బిడ్డా" అనండి. చెప్పాక అవుననీ కాదనీ అనకుండా కనీసం పది సెకన్లు ఊరుకోండి. అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. మనకు తెలియకుండానే తల ఊపేస్తాం.

తప్పు రాసిన చోటే ఆగి "మళ్లీ చూసుకో" అంటే అది కూడా జవాబు చెప్పడమే. ఆ మాట తరగతి మొత్తానికీ ఒకేసారి చెప్పండి, లేదా ఒప్పు రాసినవాళ్లకూ చెప్పండి.

అంకెలు చదివి వినిపించేటప్పుడు జాగ్రత్త. బత్తాయిల లెక్కలో 52 చదివితే నష్టం లేదు. "305, 350లలో ఏది పెద్దది?" అన్నప్పుడు సంఖ్యలు పైకి చదివితే స్థానవిలువ మీరే విప్పి చెప్పినట్టవుతుంది.

ముందురోజే గోడ మీది ఎక్కాల చార్టు తిప్పి పెట్టండి. చిత్తు లెక్కకు తలా ఒక అరఠావు ఇవ్వండి. వేళ్లు మడిచినా, గీతలు గీసినా ఆపొద్దు. పదేసి పుల్లలు కట్టిన కట్టలు ఇస్తే అందరికీ ఇవ్వాలి. రబ్బరు వద్దు, తప్పును ఒక గీతతో కొట్టేయమనండి. ఎలా ఆలోచించారో కాగితం మీద మిగులుతుంది. ఏడుపు వస్తే నీళ్లు తాగించి, వచ్చిన లెక్క ముందు చేయమనండి.

చదివి వినిపించిన ప్రశ్న పక్కన 'చ' అని, మాట అర్థం చెప్పిన చోట 'అ' అని గుర్తు పెట్టండి. దిద్దేటప్పుడు బత్తాయిల లెక్కకు 35 కనబడితే, ఆ పిల్ల తీసివేత అని సరిగ్గానే పట్టుకుంది. 2లోంచి 7 పోదని 7లోంచి 2 తీసింది. 79 వేస్తే చిక్కు లెక్క అర్థం కావడంలోనే ఉంది. మొదటి పిల్లకు పుల్లల కట్ట విప్పి చూపాలి, రెండో పిల్లతో బత్తాయిల అమ్మకం ఆడించాలి.