పండక్కి ఇల్లు కడుగుతున్నారా? యాసిడ్, బ్లీచింగ్, సున్నంతో జాగ్రత్త

భోగికి వారం ఉందనగానే మా ఇంట్లో బూజుకర్ర బయటికొస్తుంది. దాని వెనకే బాత్రూమ్‌కి యాసిడ్ సీసా, కాలవ పక్కన చల్లడానికి బ్లీచింగ్ పౌడర్, సింకుకి కాస్టిక్ సోడా, పెరటి గోడకి సున్నం. దేనికది మనకి అలవాటైనదే. ఒకదాని మీద ఇంకోటి పోసినప్పుడే తంటా.

రెండేళ్ల కిందట మా పిన్ని చేసింది అదే. టాయిలెట్లో యాసిడ్ పోసింది. పచ్చ మరక వదల్లేదని దాని మీదే గుప్పెడు బ్లీచింగ్ చల్లింది. బుస్సుమని నురగొచ్చింది, ముక్కు పగిలిపోయే ఘాటు. రెండు ఊపిర్లకే దగ్గు తెర పట్టుకుని, గోడ పట్టుకుంటూ బయటపడింది. సాయంత్రం దాకా గొంతు మంటే. "రెండూ కలిస్తే ఇంకా బాగా పోతుందనుకున్నాను" అంది. చాలామంది లెక్క అదే. అసలు జరిగేది వేరు. బ్లీచింగ్‌లో ఉన్న క్లోరిన్‌ని యాసిడ్ ఒక్కసారిగా గ్యాస్‌లా బయటికి లాగేస్తుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఈ గ్యాసే. ఇది గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. పైకి పోకుండా కిందే పరుచుకుంటుంది, వంగి రుద్దేవాళ్ల ముఖం ఉండేదీ అక్కడే.

అందుకని సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. ఒకదాని మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని, ఇంకోదాని మీద సోడియం హైపోక్లోరైట్ (ఇది నీళ్లలా ఉండే బ్లీచింగే) అని ఉంటే ఆ రెండూ ఒకేసారి వద్దు. ఇవాళ ఒకటి వాడి, బోలెడు నీళ్లు కొట్టి, రెండోది రేపు వాడండి. నిమ్మరసం, వెనిగర్ కూడా యాసిడ్లే. అద్దాలు తుడిచే కొన్ని లిక్విడ్లలో ఉండే అమ్మోనియా కూడా బ్లీచింగ్‌తో కలిస్తే విషపు గ్యాసే. మూత్రం వాసన గుప్పుమనే చోట బ్లీచింగ్ వేసే ముందు నీళ్లతో కడగమనేది కూడా ఇందుకే.

"పంచాయతీవాళ్లు బ్లీచింగ్‌లో సున్నం కలిపి చల్లుతారుగా?" అని అడుగుతారు. సున్నం గుణం యాసిడ్‌కి పూర్తిగా వ్యతిరేకం, కాబట్టి అది క్లోరిన్‌ని అలా బయటికి లాగదు. పైగా బ్లీచింగ్ పౌడర్ తయారయ్యేదే సున్నం మీదికి క్లోరిన్ పంపి. అది చూసి బ్లీచింగ్‌లో ఏం కలిపినా ఫర్వాలేదనుకోవద్దు.

సున్నం వేరే రకం ప్రమాదం. కాల్చిన సున్నపు గడ్డలకి నీళ్లు తగిలితే పొయ్యి లేకుండానే సలసలా కాగుతాయి. వెడల్పాటి సిమెంటు తొట్టిలో ముందు నీళ్లు పోసి, గడ్డలు ఒకటొకటిగా వెయ్యండి. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడొచ్చు. అల్యూమినియం గిన్నెనైతే సున్నం తినేస్తూ హైడ్రోజన్ గ్యాస్ వదులుతుంది. మూత బిగించిన డబ్బాలో మాత్రం ఎప్పుడూ నానబెట్టొద్దు, పేలుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. చిట్లి కంట్లో పడితే కొళాయి కింద ఇరవై నిమిషాలు ఆపకుండా కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. విరుగుడని నిమ్మకాయ పిండటం లాంటివి చెయ్యకండి.

కాస్టిక్ సోడా కూడా నీళ్లలో వేడెక్కుతుంది, కాబట్టి వేడినీళ్లు వాడకండి. అంతకుముందు యాసిడ్ పోసిన పైపులో అసలే వద్దు, ఎగిరి ముఖాన పడుతుంది.

ఇంకో మాట, మనిషికి కాదు గానీ ఇంటికి. కడప బండలు, తాండూరు బండలు సున్నపురాయే. యాసిడ్ చుక్క పడితే నురగొచ్చి పాలిష్ పోతుంది, ఆ మచ్చ ఎంత రుద్దినా పోదు.

లూజు యాసిడ్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచే అలవాటు మానండి. దాహమేసిన పిల్లాడికి సీసానే కనపడుతుంది. ఒకవేళ తాగితే వాంతి చేయించకండి, వచ్చే దారిలో మళ్లీ కాలుస్తుంది. బ్లీచింగ్‌ని తడి తగలని చోట, యాసిడ్‌కీ కిరోసిన్‌కీ ఎరువులకీ దూరంగా ఉంచండి.

పొరపాటున కలిసి ఘాటొస్తే నీళ్లు పోద్దామని అక్కడే నిలబడకండి. తలుపు తెరిచి ఆరుబయటికి వచ్చేయండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చెయ్యండి. కాసేపటికి తగ్గినట్టే ఉన్నా కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు, అప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఏమేం కలిపారని డాక్టరు అడుగుతారు. సీసాలు లోపలే ఉండిపోతే వాటి కోసం మళ్లీ వెళ్లకండి, పేర్లు చెబితే చాలు.