ఫోనూ బ్లూటూత్ పరికరమూ జత కలవనప్పుడు చేయవలసినవి

ఇయర్‌బడ్స్ గాని, స్మార్ట్ వాచీ గాని, కారులోని స్టీరియో గాని ఫోనుకు కలవడం లేదని ఎవరైనా చెప్పినప్పుడు ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఆ పరికరం పేరు ఫోను తెరమీద అసలు కనిపించడం లేదా, కనిపించినా జత కుదరడం లేదా, లేక జత కుదిరిన తరువాత పనిచేయడం లేదా? ఈ మూడూ పైకి ఒకే ఇబ్బందిలా తోచినా వాటి కారణాలు వేరు, పరిష్కారాలూ వేరు. ఈ తేడా తెలియక చాలామంది కనిపించిన బటన్లన్నీ నొక్కి, ఒకే చోట ఉన్న చిక్కును మూడు చోట్లకు పాకిస్తారు.

బ్లూటూత్‌లో పెయిరింగ్ వేరు, కనెక్షన్ వేరు. పెయిరింగ్ అనేది పరిచయం వంటిది. అది ఒక్కసారే జరుగుతుంది. అప్పుడు రెండు పరికరాలూ కలిసి ఒక రహస్య సంకేతాన్ని తయారుచేసుకుని, చెరొక ప్రతినీ తమ జ్ఞాపకంలో దాచుకుంటాయి. ఆ తరువాత ఎప్పుడు కనెక్ట్ అయినా ఆ రెండు ప్రతులూ సరిపోలాయో లేదో చూసుకునే ముందుకు సాగుతాయి. ఫోను మార్చినా, ఫోనును రీసెట్ చేసినా, ఇయర్‌బడ్స్ జ్ఞాపకం చెరిగిపోయినా ఒక ప్రతి పోయి రెండోది మిగులుతుంది. ఒకవైపు గుర్తుంచుకుని రెండోవైపు మరిచిపోయిన ఈ స్థితిలో ఫోను ఎన్నిసార్లు ప్రయత్నించినా కనెక్షన్ కుదరదు. పేరు కనిపిస్తూ కూడా జత కుదరని సందర్భాలలో అధిక భాగం ఇదే కారణమని నా అనుభవం. కాబట్టి ఫోనులో మాత్రమే చెరిపితే సరిపోదు, రెండువైపులా చెరపాలి.

అంత దూరం వెళ్లేముందు చిన్న విషయాలను చూసుకోవడం మంచిది. రెండింటిలోనూ తగినంత ఛార్జింగ్ ఉండాలి. బ్యాటరీ అడుగంటిన ఇయర్‌బడ్స్ వెలిగినట్టు కనిపించినా జత కలిసే దాకా నిలబడకపోవచ్చు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో గాని, బ్యాటరీ సేవర్‌లో గాని ఉన్నదేమో చూడాలి. ఐఫోను వాడేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. తెర పైఅంచునుంచి, పాత నమూనాలలోనైతే కింది అంచునుంచి, లాగితే వచ్చే కంట్రోల్ సెంటర్‌లో బ్లూటూత్ గుర్తును నొక్కితే బ్లూటూత్ పూర్తిగా ఆగదు. ఆ సమయంలో కలిసి ఉన్న పరికరాలు మరుసటి రోజు వరకు విడిపోతాయి, అంతే. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఈ పద్ధతి అమలులో ఉంది. నిజంగా ఆపి తిరిగి వేయాలంటే సెట్టింగ్స్‌లోని బ్లూటూత్ పేజీకే వెళ్లాలి.

ఇక పేరే కనిపించని సందర్భం. పరికరాన్ని ఆన్ చేయడమూ, పెయిరింగ్ మోడ్‌లో పెట్టడమూ ఒకటి కావు. ఒకసారి ఎవరితోనైనా జత కలిసిన ఇయర్‌బడ్స్, కేసు మూత తెరిచిన వెంటనే తమ పాత ఫోనుకోసమే వెతుక్కుంటాయి గాని కొత్తవారికి తమను తాము చాటుకోవు. కొత్త ఫోనుకు కనిపించాలంటే కేసుమీదో, నెక్‌బ్యాండ్‌మీదో ఉన్న బటన్‌ను కొన్ని సెకన్లపాటు నొక్కి పట్టుకోవాలి. చాలా నమూనాలలో అప్పుడు దీపం వేగంగా మిణుకుమంటుంది, లేదా రెండు రంగులలో మారుతూ వెలుగుతుంది. మీ నమూనాకు ఏ బటన్, ఎంతసేపు అన్నది దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది; ఆ కాగితాన్ని పారేయకుండా దాచుకోవాలని నేను అందరికీ చెబుతాను. ఈ మోడ్ కొద్ది నిమిషాలే ఉంటుంది కనుక ముందుగా ఫోనులో బ్లూటూత్ పేజీని తెరిచి, ఆండ్రాయిడ్ అయితే 'పెయిర్ న్యూ డివైస్' నొక్కి, ఆ తరువాతే పరికరం బటన్‌ను పట్టుకోవాలి. ఫోను కూడా ఆ పేజీ తెరిచి ఉన్నంతసేపే కొత్తవాటికోసం గట్టిగా వెతుకుతుంది.

అన్నీ సరిగా చేసినా పేరు రాకపోతే, ఆ పరికరాన్ని మరొకటి ముందే పట్టేసుకుని ఉండవచ్చు. ఫోను మార్చిన ఇళ్లలో ఇది తరచుగా జరుగుతుంది. బీరువా సొరుగులో పెట్టిన పాత ఫోను ఇంకా ఆన్‌లో ఉంటే, పిల్లల చదువుకోసం కొన్న ట్యాబ్ పక్కగదిలో ఉంటే, ఇయర్‌బడ్స్ కేసులోంచి బయటికి రాగానే గోడ అవతలినుంచే వాటికి కలిసిపోతాయి. ఒకేసారి రెండు పరికరాలకు కలిసే మల్టీపాయింట్ సౌకర్యం ఉన్నవాటిలోనూ ఆ రెండు స్థానాలు నిండితే మూడోదానికి చోటు ఉండదు. ఇంట్లో అవి ఇంతకుముందు కలిసిన ప్రతి ఫోనులో, ట్యాబ్‌లో, ల్యాప్‌టాప్‌లో, టీవీలో బ్లూటూత్‌ను కాసేపు ఆపి చూడండి. ఈ ఒక్క పనితో తేలిపోయిన చిక్కులను నేను చాలా చూశాను.

పేరు కనిపించి కూడా జత కుదరకపోతే రెండువైపులా చెరిపి మొదటినుంచి మొదలుపెట్టాలి. ఇందులో వరుస ముఖ్యం. మొదట చుట్టుపక్కల ఉన్న మిగతా పరికరాల బ్లూటూత్ ఆపండి. తరువాత ఫోనులో ఆ పరికరం పేరు పక్కనున్న గుర్తును నొక్కి 'ఫర్‌గెట్' ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో దానినే 'అన్‌పెయిర్' అంటారు. మూడవది పరికరాన్ని రీసెట్ చేయడం. వెనుక బటన్ ఉన్న ఎయిర్‌పాడ్స్ కేసులో రెండు బడ్స్‌నూ ఉంచి, మూత తెరిచి, ఆ బటన్‌ను సుమారు 15 సెకన్లు పట్టుకుంటే దీపం నారింజ రంగులో మిణుకుమని ఆపై తెల్లగా మారుతుంది. ఇతర సంస్థల పద్ధతులు వేరువేరుగా ఉంటాయి. నాలుగవది ఫోనును ఒకసారి ఆపి తిరిగి ఆన్ చేయడం. ఇన్నీ అయిన తరువాతే పరికరాన్ని పెయిరింగ్ మోడ్‌లో పెట్టి, ఫోనుకు ఒక మీటరు లోపల ఉంచి వెతకాలి. తెరమీద ఆరంకెల సంఖ్య వస్తే రెండువైపులా ఒకే సంఖ్య ఉన్నదో లేదో చూసి ఒప్పుకోండి. మీరు ఏమీ మొదలుపెట్టకుండానే అటువంటి అభ్యర్థన వస్తే తిరస్కరించండి. సంఖ్య చూపే తెర లేని పాత పరికరాలు పిన్ అడిగితే సాధారణంగా అది 0000 గాని 1234 గాని అయివుంటుంది.

విడివిడిగా ఉండే ఇయర్‌బడ్స్ విషయంలో ఇంకొక మెలిక ఉంది. ఫోనుతో కలవడమే కాక ఆ రెండూ ఒకదానితో ఒకటి కూడా కలిసి ఉండాలి. ఒక చెవిలోనే పాట వినిపించినా, జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపించినా తెగినది వాటి మధ్య బంధమేనని అనుమానించాలి. అప్పుడు రెండు పేర్లనూ ఫోనులోంచి తీసేసి, రెండింటినీ కేసులో పెట్టి కలిపి రీసెట్ చేయాలి. అలా చేసినా ఒకటి మొరాయిస్తే కేసు లోపలి లోహపు బొడిపెలను గమనించండి. చెమట, గులిమి పేరుకుని అవి తగలకపోతే ఆ బడ్ ఛార్జ్ కాదు, తాను కేసులో ఉన్న సంగతీ దానికి తెలియదు. పొడి దూదిపుల్లతో నెమ్మదిగా తుడిస్తే చాలు. నీళ్లు వాడకూడదు, సూదితో గీకకూడదు.

స్మార్ట్ వాచీల దగ్గర జరిగే పొరపాటు దీనికి పూర్తిగా భిన్నం. వీటిని ఫోను బ్లూటూత్ జాబితాలోంచి కాక, ఆ సంస్థ ఇచ్చిన యాప్ లోపలినుంచే జత చేయాలి. తొందరపడి బ్లూటూత్ పేజీలో కనిపించిన పేరును నొక్కితే చాలా వాచీలు యాప్‌కు కనిపించకుండా పోతాయి. అలా జరిగితే ఫోనులో ఫర్‌గెట్ చేసి, వాచీని రీసెట్ చేసి, ఈసారి యాప్‌తోనే మొదలుపెట్టాలి. యాప్‌కు అనుమతులు కూడా ఉండాలి. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు ఉన్న ఫోన్లలో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకడానికి యాప్‌కు లొకేషన్ అనుమతి అవసరం, లొకేషన్ ఆన్‌లోనూ ఉండాలి. వాచీకి నా చిరునామాతో పనేమిటని దానిని తిరస్కరించినవారి అనుమానం సహేతుకమే గాని, ఆ కారణంగానే వెతుకులాట ఫలించదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12లో దీనికి 'నియర్‌బై డివైసెస్' అనే ప్రత్యేక అనుమతిని ఏర్పాటు చేశారు. ఫోన్ కాల్స్ మాట్లాడగలిగే వాచీలలో చాలావాటికి రెండు బంధాలుంటాయి: అడుగుల లెక్క, నోటిఫికేషన్లు యాప్ ద్వారా ఒక దారిలో, కాల్స్ శబ్దం మరొక దారిలో వెళ్తాయి. యాప్‌లో జత కుదిరిన కొద్దిసేపటికి రెండవ అభ్యర్థన వస్తే దానిని కూడా ఒప్పుకోవాలి. కాదంటే సమయం, సందేశాలు వస్తాయి గాని మాట వినిపించదు. ఆపిల్ వాచ్ ఐఫోనుతో తప్ప ఆండ్రాయిడ్ ఫోనుతో జత కలవదు కనుక అక్కడ ఏ ప్రయత్నమూ ఉపయోగపడదు.

కారులో చిక్కు సాధారణంగా కారువైపే ఉంటుంది. స్టీరియో గుర్తుంచుకోగల ఫోన్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది. ఇంటిల్లిపాదీ, డ్రైవరూ, స్నేహితులూ తమ ఫోన్లు కలిపిన కారులో ఆ జాబితా నిండిపోయి కొత్తదానికి చోటు దొరకదు. స్టీరియో తెరమీదే పాత పేర్లు తీసేయాలి. చాలా కార్లు బండి కదులుతున్నప్పుడు పెయిరింగ్‌ను అనుమతించవు కనుక ఆపి ఉన్నప్పుడే ఈ పని చేయండి. కాంటాక్ట్‌లు చూడటానికి అనుమతి అడిగినప్పుడు కాదంటే కాల్స్ వస్తాయి గాని పేర్ల బదులు అంకెలే కనిపిస్తాయి.

వినికిడి యంత్రాల గురించి కొంత ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఇబ్బంది పడేవారు చాలావరకు పెద్దవారు, అవి కలవకపోతే వారికి పోయేది పాట కాదు, మనుమల మాట. మా నాన్నగారి యంత్రాన్ని ఐఫోనుకు కలపడానికి ఒక సాయంత్రమంతా నేను బ్లూటూత్ జాబితాలోనే వెతికాను. అది అక్కడ వచ్చేది కాదని తరువాత తెలిసింది. ఐఫోనుకోసం తయారైన వినికిడి యంత్రాలను సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో, 'హియరింగ్ డివైసెస్' అనే చోట జత చేయాలి. బ్యాటరీ మూత ఉన్న యంత్రమైతే మూతను తెరిచి, ఆ పేజీకి వెళ్లి, అప్పుడు మూయాలి; ఛార్జ్ చేసే రకమైతే సాధారణంగా ఛార్జర్‌లోంచి బయటికి తీయగానే కొద్ది నిమిషాలపాటు ఫోనుకు కనిపిస్తుంది. కుడి, ఎడమ చెవులకు వేర్వేరుగా అభ్యర్థనలు వస్తాయి. ఒకటి ఒప్పుకున్న వెంటనే ఫోను పక్కన పెట్టేయకుండా రెండవది వచ్చేదాకా ఆగాలి. ఆండ్రాయిడ్‌లో నేరుగా శబ్దం పంపే సౌకర్యం ఆండ్రాయిడ్ 10 నుంచి మొదలైంది, అయితే ఫోనూ యంత్రమూ రెండూ దానికి అనుకూలమైనవై ఉండాలి. కొనేముందు ఆ ఫోను నమూనా పేరును వినికిడి నిపుణుడికి చూపించి అడగడం అవసరం.

జత కుదిరి, కనెక్ట్ అయినట్టు చూపుతూ శబ్దం రాకపోతే పరికరం పేరు పక్కనున్న వివరాల పేజీ తెరవండి. ఆండ్రాయిడ్‌లో అక్కడ కాల్స్‌కు, మీడియాకు వేరువేరు స్విచ్‌లుంటాయి. పాట వచ్చి కాల్ రాకపోయినా, కాల్ వచ్చి పాట రాకపోయినా ఆ రెండింటిలో ఒకటి ఆగి ఉందన్నమాట.

శబ్దం తెగి తెగి వస్తే కారణం పరిసరాలలో వెతకాలి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలమీద నడుస్తుంది; వైఫై రూటర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు, యూఎస్‌బీ 3 కేబుళ్ల నుంచి వెలువడే అలజడి అన్నీ ఆ పరిధిలోనివే. ఇయర్‌ఫోన్లు ఇప్పటికీ ఎక్కువగా వాడే క్లాసిక్ బ్లూటూత్ 79 చానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు మారుతూ, రద్దీగా ఉన్నవాటిని తప్పించుకుంటుంది కనుక అడ్డంకుల వల్ల శబ్దం చెడుతుంది గాని పెయిరింగ్ పూర్తిగా ఆగిపోవడం అరుదు. నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది, మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. అందువల్ల ఫోనును వెనుక జేబులోంచి ముందు జేబులోకి మార్చినంత మాత్రాన తేడా తెలుస్తుంది. పక్కపక్కన పది రూటర్లున్న అపార్ట్‌మెంట్లలో ఫోను వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకుంటే బ్లూటూత్‌కు కొంత దారి వదిలినట్టవుతుంది.

ఇంతవరకు ఏదీ ఫలించకపోతే, ఫోనునూ పరికరాన్నీ అప్‌డేట్ చేసిన తరువాత నెట్‌వర్క్ రీసెట్‌కు వెళ్లవచ్చు. ఐఫోనులో అది సెట్టింగ్స్, జనరల్, 'ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐఫోన్' కింద ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో చాలావరకు సిస్టమ్‌లోని రీసెట్ ఎంపికలలో దొరుకుతుంది. ఫోటోలు, సందేశాలు పోవు గాని దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు చెరిగిపోతాయి, మిగతా బ్లూటూత్ జతలూ చెరిగిపోవచ్చు. ఇంటి వైఫై పాస్‌వర్డ్ ముందే కాగితంమీద రాసిపెట్టుకోండి.

ఆ తరువాత కూడా కలవకపోతే రెండు పరీక్షలు చేయండి. అదే పరికరాన్ని మరొకరి ఫోనుతో, మీ ఫోనును మరొక పరికరంతో కలిపి చూడండి. పరికరం ఎవరి ఫోనుతోనూ కలవకపోతే లోపం దానిలో ఉంది. మీ ఫోను దేనితోనూ కలవకపోతే లోపం ఫోనులో ఉంది. రెండూ ఇతరులతో కలిసి తమలో తాము మాత్రమే కలవకపోతే అది సాఫ్ట్‌వేర్ పొందిక సమస్య కావచ్చు, తరువాతి అప్‌డేట్‌తో తీరవచ్చు. బిల్లుతో సర్వీస్ సెంటరుకు వెళ్లినప్పుడు ఈ ఫలితాలతోపాటు ఫోను నమూనా, ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్ కూడా చెప్పండి, ఇయర్‌బడ్స్ అయితే కేసుతో సహా రెండు బడ్స్‌నూ తీసుకువెళ్లండి.