కాఫీ షాపు సిబ్బంది తమలో తాము లాటే ఆర్ట్ (కాఫీ మీద పాల నురగతో ఆకారాలు తీర్చడం) పోటీ జరుపుకోవడం ఎలా?

విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మీదా, సిరిపురంలోనూ కాఫీ షాపుల్లో పనిచేసేవారికి తీరిక దొరికేది షట్టరు దించాకే. ఆదివారం రాత్రి వద్దు. సాయంత్రమంతా జనానికి కప్పులందించి అలసిన చెయ్యి పాలధారను నిలకడగా పోయలేదు కాబట్టి, సోమవారమో మంగళవారమో పెట్టుకోవడం మంచిది. 8 మంది ఉంటే, ఇద్దరిద్దరుగా తలపడి ఓడినవారు తప్పుకొనే పద్ధతిలో 7 ఆటలకు విజేత తేలుతారు, అంటే 14 కప్పులు పోయాలి. జగ్గులో మిగిలిపోయే పాలతో కలిపి కప్పుకు 200 మిల్లీలీటర్లు లెక్కవేసుకుని, సాధనకు మరికొంత చేర్చి 4 లీటర్లు సిద్ధం చేసుకోవాలి.

పోటీలో న్యాయం ఉందా లేదా అన్నది ముఖ్యంగా ఈ పాల దగ్గరే తేలుతుంది. నురగను నిలబెట్టేది పాలలోని ప్రొటీన్లు. దానికి నునుపునిచ్చేది వెన్న. 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలతో నురగ సులభంగా వస్తుంది గాని, నా మటుకు 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ పాలే మేలనిపిస్తుంది. ఏది ఎంచుకున్నా అందరికీ ఒకే రకం, ఒకే తేదీ ప్యాకెట్లు ఇవ్వాలి. ఇంటి అలవాటు కొద్దీ ఎవరైనా పాలు ముందుగా కాచిపెడితే వాటిని పక్కన పెట్టేయండి, ఎందుకంటే ఒకసారి కాగిన పాలు మళ్లీ సరిగా నురగవు. మన వేసవిలో కాసేపు బయట ఉన్న ప్యాకెట్ కూడా దెబ్బతింటుంది కనుక, జగ్గులో పోసే క్షణం దాకా పాలు ఫ్రిజ్‌లోనే ఉండాలి.

యంత్రానికి ఉండే ఆవిరి గొట్టంతో (స్టీమ్ వాండ్) పాలకు ఆవిరి పట్టేటప్పుడు జగ్గు గోరువెచ్చన అయ్యేలోపే గాలిని ఎక్కించి, ఆ తర్వాత పాలను సుడి తిప్పుతూ 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆపాలి. ఫిల్టర్ కాఫీని ఎత్తి పోసినప్పుడు వచ్చే పెద్ద బుడగల నురగ ఇంట్లో గొప్పే గాని, ఇక్కడ అది లోపం. కంటికి బుడగ కనిపించకుండా, తడి పెయింటులా మెరిసే నురగ కావాలి.

పాలు పోసేందుకు అడుగున ఉండే ఎస్ప్రెస్సో (యంత్రం ఒత్తిడితో తీసే చిక్కటి డికాక్షన్) కూడా అందరికీ ఒకేలా ఉండాలి. 18 గ్రాముల పొడికి 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల డికాక్షన్ దిగేలా ఒక్కరే తీసి ఇస్తే తగవు ఉండదు. సముద్రపు గాలిలోని తేమకు పొడి తీరు మారుతుంది కాబట్టి, గ్రైండరును ఆ రాత్రే మళ్లీ సరిచూసుకోవాలి. అరకు అరబికా వాడదలిస్తే, నిన్ననే వేయించిన గింజలు కాక, వారం రోజులు ఆగినవి తీసుకోండి. తాజా గింజల్లోని వాయువు వల్ల పైపొర బుడగలు బుడగలుగా వస్తుంది.

మొదటి ఆటలకు హృదయం, సెమీఫైనల్‌కు టులిప్ పువ్వు, ఫైనల్‌కు ఇష్టమైన ఆకారం పెట్టుకోవచ్చు. ధారను కొంచెం ఎత్తునుంచి సన్నగా మొదలుపెట్టి, కప్పు సగం దాటాక జగ్గు మూతిని కాఫీకి ఆనేంత దగ్గరకు దించాలనీ, పుల్లతో గీయడం కుదరదనీ ముందే చెప్పాలి.

న్యాయనిర్ణేతలు 3 మంది ఉంటే సమాన ఓట్ల బెడద ఉండదు. మేనేజరును మాత్రం ఆ కుర్చీలో కూర్చోబెట్టవద్దు. ఆయన వేలు ఎటు చూపినా మర్నాటి డ్యూటీ చార్టు గుర్తొస్తుంది. వంటగదిలో పనిచేసే ఒకరు, బిల్లింగ్ కౌంటర్ నుంచి ఒకరు, రోజూ వచ్చే కస్టమరు ఒకరు చాలు. ఎవరి కప్పో తెలియకుండా పేర్లను సాసరు అడుగున అంటించి, తెలుపు గోధుమ రంగుల తేడా, రెండు వైపుల సమానత్వం, కప్పు మధ్యలో ఆకారం కుదురుకున్న తీరు, మెరుపు చూసి, ముగ్గురూ ఒకేసారి వేలు చూపించాలి. ఈ పని నిమిషంలోపు ముగించాలి, లేకపోతే మెరుపు తగ్గిపోతుంది.

బహుమతికి తలా 50 రూపాయలు వేసుకోవచ్చు గాని, కోరుకున్న ఆదివారం సెలవు దొరికితే విజేతకు అంతకంటే ఆనందం ఉండదు. పోసిన కప్పులు సింకులో పారబోయకుండా ఏటీఎం కాపలాదారుకూ, రాత్రి డ్యూటీ ఆటోవాళ్లకూ పంచండి. ఆ వేళ కాఫీ అవసరమైనవారు వాళ్లే. తొలి ఆటలో ఓడినవారు స్టీమ్ వాండ్లు తుడిచి, జగ్గులు కడుగుతారు.