జాతరకు పోయేముందు: గ్యాస్ బుగ్గల సిలిండర్‌తో జాగ్రత్త

బుగ్గలు (బెలూన్లు) నింపే సిలిండర్ పేలి పక్కనున్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారన్న వార్త మళ్లీ వచ్చింది. ఐనవోలు, కొత్తకొండ, మేడారం ఏ జాతరకు పోయినా గుడి దారిలో బుగ్గలు అమ్మేవాళ్లుంటారు. నిప్పు దగ్గరికి తేవద్దని అందరికీ తెలుసు. ప్రాణాలు తీస్తున్న పొరపాటు వేరే: వాల్వు బిగిస్తే గ్యాస్ ఆగిందనుకోవడం.

ఇంట్లో వంటగ్యాస్ బండ నాబ్ తిప్పితే సరిపోతుంది, లోపల నింపిందే ఉంటుంది కాబట్టి. చాలాచోట్ల బుగ్గల సిలిండర్‌లో గ్యాస్ నింపి తేరు, అక్కడికక్కడే పుట్టిస్తారు. సిలవర్ (అల్యూమినియం) తుక్కు, కాస్టిక్ సోడా, నీళ్లు కలిస్తే హైడ్రోజన్ వస్తుంది, దాంతోపాటు వేడి పుడుతుంది. వేడెక్కేకొద్దీ గ్యాస్ ఇంకా జోరుగా వస్తుంది. 1 కిలో అల్యూమినియం నుంచి 1300 లీటర్లకు పైగా. 40 లీటర్ల ఖాళీలో అదంతా బంధిస్తే ఒత్తిడి మామూలు గాలి కంటే 30 రెట్లు దాటుతుంది. బేరాల్లేవని వాల్వు బిగించి చాయ్‌కి పోతే తుక్కు అయిపోయేదాకా లోపల ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. పాత, తుప్పుపట్టిన సిలిండర్ అది తట్టుకోదు.

1783లో పారిస్‌లో జాక్ షార్ల్ హైడ్రోజన్ బెలూన్‌లో పైకి పోయినప్పుడు ఇనుము, గంధకామ్లం పోసిన పీపాల నుంచి గ్యాస్ గొట్టాల్లో బెలూన్‌లోకే పోయింది, పుట్టిన చోట బిగించిపెట్టలేదు. 1937 మే 6న హైడ్రోజన్ నింపిన జర్మనీ గాలి ఓడ హిండెన్‌బర్గ్ తగలబడి 36 మంది పోయాక ఆ గ్యాస్‌తో ప్రయాణికులను ఎక్కించడం మానేశారు. దాన్నే మనం పిల్లల చేతికిస్తున్నాం.

జాతర కమిటీలకు: సొంతంగా గ్యాస్ పుట్టించేవాళ్లకు జాగా ఇవ్వొద్దు. లైసెన్సున్న ప్లాంటులో నింపి, రెగ్యులేటర్ బిగించిన హీలియం సిలిండర్ ఉంటేనే ఒప్పుకోండి. హీలియం మండదు, ఎత్తే బలం హైడ్రోజన్ కంటే కొంచెమే తక్కువ.

గ్యాస్ పుట్టించే సిలిండర్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు. ఒత్తిడి చూపే గేజీ ఉండదు. పక్కన కాస్టిక్ సోడా డబ్బా, నీళ్ల బకెట్, తుక్కు సంచి. కింద బూడిదరంగు బురద.

అది కనబడితే పిల్లల్ని తీసుకొని దూరం జరగండి. బేరం అక్కడ నిలబడి ఆడొద్దు. అమ్మేమనిషి లేకుండా బిగించి ఉన్న సిలిండర్ మరీ ప్రమాదం, వాల్వు బిగించినా గ్యాస్ ఆగదు. వాల్వు మీరు తిప్పొద్దు. జనాన్ని ఖాళీ చేయించి 101కి ఫోన్ చేయండి. బుగ్గల గుత్తి కారులో, ఆటోలో పెట్టొద్దు: గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే చిన్న రవ్వకే అంటుకుంటుంది, పగటిపూట ఆ మంట సరిగ్గా కనబడదు కూడా. కేకు కొవ్వొత్తుల దగ్గర వద్దు. కాజీపేట ప్లాట్‌ఫారం మీద మెరుపు కాగితం బుగ్గలు వద్దు, పైన 25 వేల వోల్టుల తీగ. హీలియమైనా పీల్చొద్దు. కాస్టిక్ నీళ్లు మీద పడితే తడిసిన బట్టలు వెంటనే తీసేయండి, రుద్దకుండా ధారగా నీళ్లు పోయండి. కంట్లో పడితే కనీసం అరగంట కడుగుతూనే ఉండండి, 108 వచ్చేదాకా ఆపొద్దు.