తెల్లకణాల లెక్క తేడాగా ఉందా? స్ట్రెస్ హార్మోన్ల వైపు చూడండి

ఒత్తిడితో రోగనిరోధక శక్తి తగ్గుతుందన్నది సగం నిజమే. అడ్రినలిన్, కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్లు ముందు చేసే పని రక్తంలోని తెల్లకణాలను తగ్గించడం కాదు, వాటి చోటు మార్చడం. రిపోర్టుల్లో కనిపించే గందరగోళం చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

సమస్య: తెల్లకణాలు 14,000, అంటే మామూలు కంటే ఎక్కువ. జ్వరం లేదు, దగ్గు లేదు.

రక్తనాళాల్లోని న్యూట్రోఫిల్స్‌లో (బ్యాక్టీరియాతో పోరాడే తెల్లకణాలు) దాదాపు సగం గోడలకు అంటుకుని ఉంటాయి, లెక్కకు దొరకవు. భయం, నొప్పి, పరుగు వల్ల అడ్రినలిన్ పెరిగితే నిమిషాల్లోనే అవి గోడ వదిలి ప్రవాహంలో కలుస్తాయి. కార్టిసాల్‌గానీ, దానిలా పనిచేసే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్ మాత్రగానీ 4–6 గంటల్లో ఎముక మూలుగ నుంచి మరికొన్నిటిని బయటికి పంపుతుంది. పైగా అవి కణజాలంలోకి దిగకుండా ఆపుతుంది. అదే సమయంలో మరో రకం తెల్లకణాలైన లింఫోసైట్లు మూలుగలోకి, లింఫు గ్రంథుల్లోకి వెళ్లిపోతాయి. అలర్జీల్లో పెరిగే ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు సున్నాకు దగ్గరపడతాయి.

పరిష్కారం: అరగంట కూర్చున్నాక మళ్లీ రక్తం ఇవ్వండి. గత 24 గంటల్లో స్టెరాయిడ్ ఏదైనా వాడారేమో చూసుకోండి. కీళ్లలో వేసే ఇంజక్షన్ సంగతి చాలామందికి గుర్తుండదు. మొత్తం సంఖ్య కంటే డిఫరెన్షియల్ కౌంట్ (ఏ రకం తెల్లకణం ఎంత శాతమో చెప్పే లెక్క) ముఖ్యం. అయితే చిక్కు ఒకటుంది: బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కూడా కార్టిసాల్‌ను పెంచి ఇదే చిత్రాన్ని చూపిస్తుంది. రెంటినీ విడదీసేది స్మియర్, అంటే రక్తపు చుక్కను గాజు పలకపై పరిచి మైక్రోస్కోపులో చూడటం. బ్యాండ్ కణాలు (ఇంకా ముదరని న్యూట్రోఫిల్స్) 6 శాతం దాటినా, న్యూట్రోఫిల్స్‌లో టాక్సిక్ గ్రాన్యూల్స్ అనే ముదురు రంగు చుక్కలు కనిపించినా ఇన్ఫెక్షన్‌నే ముందు అనుమానించాలి. ఒక్క స్టెరాయిడ్ వల్లే అలా కావడం అరుదు.

సమస్య: లింఫోసైట్లు ఉదయం తక్కువ, రాత్రి ఎక్కువ.

కార్టిసాల్ తెల్లవారాక గరిష్ఠానికి చేరి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. రిపోర్టులను పోల్చాలంటే ఒకే వేళలో తీసిన శాంపిళ్లనే పోల్చండి.

సమస్య: స్టెరాయిడ్ వాడుతున్న వ్యక్తి నీరసిస్తున్నారు, జ్వరం మాత్రం రాలేదు.

కార్టిసాల్ లాగే స్టెరాయిడ్ మందు కూడా కణంలోని రిసెప్టార్‌ను పట్టుకుని, వాపును రేపే ఎన్‌ఎఫ్-కప్పాబి అనే స్విచ్‌ను అణిచేస్తుంది. దాంతో ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ అనే సంకేత రసాయనాలు తగ్గుతాయి. జ్వరం, నొప్పి పుట్టించేవి ఇవే. రక్తంలో వాపును కొలిచే సీఆర్‌పీ పరీక్ష కూడా తక్కువగా చూపించవచ్చు. కాబట్టి థర్మామీటర్‌నే నమ్ముకోకండి. ఊపిరి వేగం, నాడి, బీపీ, మాటలో తికమక చూడండి. రోజుకు 20 మి.గ్రా. లేదా అంతకు మించి ప్రెడ్నిసొలోన్‌ను నెల దాటి వాడాల్సివస్తే, న్యుమోసిస్టిస్ (ఫంగస్ వల్ల వచ్చే న్యుమోనియా) నివారణ మందు అవసరమా అని డాక్టరును అడగండి. దాగి ఉన్న క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు మందు మొదలుపెట్టకముందే చేయించడం మేలు.

సమస్య: అదే వ్యక్తికి ఇన్ఫెక్షన్‌లో వాంతులు, బీపీ పడిపోవడం.

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. ఆరోగ్యవంతుల్లో ఇన్ఫెక్షన్ రాగానే కార్టిసాల్ పెరిగి బీపీని నిలబెడుతుంది, శరీరంలో మంట (ఇన్‌ఫ్లమేషన్) హద్దు దాటకుండా చూస్తుంది. 5 మి.గ్రా. లేదా అంతకు మించి ప్రెడ్నిసొలోన్ నాలుగు వారాలు వాడితే కార్టిసాల్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రాణమై, ఆ పెంపు రాకపోవచ్చు.

ఇన్ఫెక్షన్ వచ్చిందని స్టెరాయిడ్‌ను ఉన్నపళంగా ఆపడం పెద్ద పొరపాటు. జ్వరంతో పడుకున్నప్పుడు హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలోని కార్టిసాల్) వాడేవారికి సాధారణంగా డోసు రెట్టింపు చేస్తారు. ప్రెడ్నిసొలోన్ 10 మి.గ్రా. కంటే తక్కువ వాడేవారికి 5 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తారు. ఈ ప్లాన్‌ను డాక్టరుతో ముందే రాయించుకోండి. మాత్ర కడుపులో నిలవకపోతే 100 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్ కావాలి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అంత తీవ్రమైన జబ్బులో కార్టిసాల్ పెరిగి ఈసినోఫిల్స్ మాయమై ఉండాలి. మామూలుగానే ఉంటే అడ్రినల్ లోపాన్ని అనుమానించడం సబబు.

సమస్య: నెలల తరబడి ఒత్తిడి, తరచూ జలుబు. కార్టిసాల్ పరీక్ష మాత్రం నార్మల్.

1991లో అమెరికా మనస్తత్వవేత్త షెల్డన్ కోహెన్ బృందం 394 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసింది. ఒత్తిడి ఎంత ఎక్కువైతే ఇన్ఫెక్షన్ రేటు అంత పెరిగింది. దీర్ఘకాలిక ఒత్తిడిలో కణాలు కార్టిసాల్ మాట వినడం మానేస్తాయని తర్వాతి పరిశోధన చూపింది. హార్మోన్ ఉన్నా బ్రేకు పడదు, ముక్కులో వాపు ఎక్కువవుతుంది. అందుకే రక్తంలో కార్టిసాల్ కొలిచి ఇక్కడ లాభం లేదు, దాన్ని తగ్గిస్తామనే సప్లిమెంట్లూ అనవసరం. నిద్రను సరిచేయండి: 2015 నాటి ఇలాంటి ప్రయోగంలోనే, ఏడు గంటలకు మించి పడుకున్నవారి కంటే ఆరు గంటల లోపు పడుకున్నవారికి జలుబు ముప్పు నాలుగు రెట్లకు పైగా కనిపించింది.